శుక్రవారం గడి

స్తుతి అంతా అల్లాహ్‌దే. సముద్రానికి హద్దు పెట్టినవాడు ఆయన. మనిషి చేతికి కలం ఇచ్చినవాడు ఆయన. రాసే చేతినే కాదు, ఆ చేతి వెనక ఉన్న మనసును కూడా చదివేవాడు ఆయన. ఆయన కరుణ మీద ఆశ వదులుకోవడం మా ధర్మంలో పెద్ద పాపం. ఆ పాపం అంచున నిలబడి ఇది రాస్తున్నాను. అందుకే ముందుగా ఆయన్ని స్తుతించాను. పూర్తయ్యేసరికి నాకు నోరు వస్తుందో రాదో తెలియదు.

విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయంలో తొమ్మిదేళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. గెస్ట్ లెక్చరర్‌గా. ప్రతి సెమిస్టర్ మొదట్లో ఒక ఉత్తరం ఇస్తారు. సెమిస్టర్ అయిపోగానే అది చెల్లిపోతుంది. మళ్ళీ ఉత్తరం వచ్చేదాకా మేము ఎవరమూ కాము. ఎండాకాలం సెలవుల్లో డిపార్ట్‌మెంట్ ముందు నుంచి వెళ్తుంటే వాచ్‌మన్ నమస్కారం పెట్టేవాడు. పెట్టాలో అక్కర్లేదో తేల్చుకోలేక చెయ్యి సగమే ఎత్తేవాడు.

మాది వన్‌టౌన్. నాన్న లారీలకూ పడవలకూ టార్పాలిన్లు కుట్టేవాడు. తెల్లవారి నమాజు అయ్యాక మసీదు వసారాలో పిల్లలందరికీ ఖురాన్ చదువు ఉండేది. మా గురువుగారు పొట్టి మనిషి, గొంతు మాత్రం రేవు దాకా వినిపించేది. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని అప్పజెప్పించుకునేవాడు. తప్పు పోతే కొట్టేవాడు కాదు, "మళ్ళీ" అనేవాడు. ఒకరోజు ఒక పిల్లవాడు రాకపోతే వాడి స్నేహితుడు వాడి బదులు హాజరు పలికాడు. గురువుగారు చదువు ఆపేశాడు. "నువ్వు చూడనిదానికి సాక్ష్యం చెప్పావు. రేపు తీర్పునాడు నీ చెయ్యే నీ మీద సాక్ష్యం చెబుతుంది" అన్నాడు. ఆ పిల్లవాడు ఏడ్చాడు. వాడి పక్కన కూర్చున్న నేను కూడా ఏడ్చాను. పెద్దయ్యాక నేనూ అలా ఎదుటివాళ్ళకు నేర్పేవాడిని కావాలని ఆ వసారాలోనే అనుకున్నాను.

లెక్చరర్ కావడం ఎలా అని ప్రతి ఏడూ కనీసం ఒక్కరైనా అడిగేవారు. అందరికంటే గట్టిగా అడిగింది యారాడ నుంచి వచ్చే ఒక అమ్మాయి. వాళ్ళ నాన్నది చేపలవేట. కొండ దిగే మొదటి బస్సెక్కి వచ్చి, ల్యాబ్ తలుపు తీసేలోపే మెట్ల మీద కూర్చుని చదువుకునేది.

"సార్, లెక్చరర్ అవ్వాలంటే ఏటి సెయ్యాలి?"

"ముందు ఎమ్మెస్సీలో మంచి మార్కులు రావాలమ్మా. తర్వాత నెట్ గానీ సెట్ గానీ పాసవ్వాలి."

"పాసైపోతే ఇచ్చేత్తారా?"

"ఇవ్వరు. పీహెచ్‌డీ చెయ్యాలి. దానికి గైడ్ దొరకాలి. గైడ్ దొరికాక ఆయనకు తీరిక దొరకాలి. పేపర్లు అచ్చు కావాలి."

"అప్పుడిచ్చేత్తారా?"

"అప్పుడు నోటిఫికేషన్ కోసం చూడాలి."

"ఎన్నాళ్ళు సూడాలి సార్?"

నేను నవ్వాను. "నన్ను చూడు" అన్నాను. ఆమె కూడా నవ్వింది. "మా నాన్న వేటకెల్తే ఏ పూటొత్తాడో మాయమ్మ అలాగే సూత్తాది సార్. నాకలవాటే" అంది. మొదటి గెస్ట్ ఉత్తరం వచ్చినరోజు తెచ్చి నాకు చూపించమన్నాను. సరేనంది.

ఇక శుక్రవారం సంగతి చెప్పాలి.

నేను చేరిన ఏడాదే టైంటేబుల్లో శుక్రవారం నాలుగో పీరియడ్ నాకు పడింది. పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా. సరిగ్గా జుమా నమాజు వేళ. ఇమాం ప్రసంగం వినడం, అందరితో కలిసి వరసలో నిలబడడం నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ తప్పని అలవాటు. డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరకు వెళ్తే, టైంటేబుల్ మార్చడం కుదరదు, మీలో మీరు సర్దుకోండి అన్నారు. నాతోబాటు అదే సబ్జెక్టు చెప్పే ఒక సీనియర్ ఉండేవాడు. పర్మనెంట్ మనిషి. వయసులో నాకంటే బాగా పెద్ద. అయినా నన్ను బావా అనే పిలిచేవాడు.

"దానికేటి బావా, నీ శుక్రోరం పీరియడ్ నాను తీసుకుంటాను. నా శనోరం మొదటి పీరియడ్ నువ్వు తీసుకో. నాను శుక్రోరం సాయంత్రమే అనకాపల్లి మా అమ్మ దగ్గరికెల్లిపోవచ్చు. నీకు దేవుడు, నాకు అమ్మ."

అలా సర్దుకున్నాం. తొమ్మిదేళ్ళు ఆ సర్దుబాటు ఒక్క వారం కూడా తప్పలేదు.

మా హాజరు రిజిస్టరు రోజుకొక పేజీ. ఎడమవైపు మా పేర్లు, పైన పీరియడ్ల అంకెలు. క్లాసు చెప్పి వచ్చినవాళ్ళు తమ పేరుకు ఎదురుగా ఆ పీరియడ్ గడిలో సంతకం పెట్టాలి. మొదటి శుక్రవారం నమాజు నుంచి తిరిగి వచ్చాక గుమస్తా రిజిస్టరు నా ముందుకు తోశాడు.

"మాస్టారూ, నాలుగో పీరియడ్‌లో సంతకం."

"ఆ గంట నేను లేను కదా."

"రేపు సెప్తారు కదండీ. అందరూ ఇలాగే పెడతారు."

"లేని గంటకు సంతకం పెట్టను."

"అయితే గడి కాళీగా ఉండిపోద్ది మరి."

"ఉండనీ."

గుమస్తా చుట్టూ చూసి గట్టిగా అన్నాడు, "మాస్టారి సంతకమంటే సామాన్యమా, సాక్ష్యం!" అందరూ నవ్వారు. నాకు లోపల గర్వంగా అనిపించింది. అది దాచిపెట్టకుండా చెబుతున్నాను. శనివారం నేను చెప్పిన పీరియడ్ గడి సీనియర్ పేరు మీద ఉండేది. ఆయన సోమవారం వచ్చి అందులో సంతకం పెట్టుకునేవాడు. నేను చూస్తూ ఉండేవాడిని. నా గడి శుభ్రంగా ఉంచుకుని, పక్క గడిలో అబద్ధం పడుతుంటే నోరు మెదపలేదు. నా సత్యం అంతమాత్రమే.

తొమ్మిదో ఏడాది చివర్లో పర్మనెంట్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. మా సబ్జెక్టులో ఒక పోస్టు. అంతకుముందు వచ్చిన నోటిఫికేషన్ నేను పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో కోర్టులో పడి ఎండిపోయింది. నాకు నలభై ఆరేళ్ళు. ఇంకొకటి ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు లేరు. గెస్ట్‌గా పనిచేసిన ఏళ్ళకు మార్కులు కలుపుతారు. వారానికి పదహారు గంటలు తగ్గకుండా చెప్పినట్టు రిజిస్టరు రుజువు ఉంటేనే ఆ ఏడు లెక్కలోకి వస్తుంది.

నేను వారానికి పదహారు గంటలు చెప్పాను. రిజిస్టరులో పదిహేనే ఉన్నాయి. తొమ్మిదేళ్ళలో ఒక్క ఏడు కూడా మిగల్లేదు.

ఆదివారం ఉక్కునగరం వెళ్ళాను. సీనియర్ భార్య స్టీల్ ప్లాంటులో ఉద్యోగి, వాళ్ళకు సెక్టార్‌లో క్వార్టర్ ఉంది. ఆయన వాకిట్లో స్కూటర్ కడుగుతున్నాడు.

"ఏటి బావా, ఇంతదూరమొచ్చేసినావు? ఫోన్ సేత్తే నానే వద్దును కదా."

సంగతి చెప్పాను. శనివారం మొదటి పీరియడ్ తొమ్మిదేళ్ళూ నేనే చెప్పానని ఒక్క కాగితం రాసివ్వమన్నాను. ఆయన బకెట్‌లో గుడ్డ ముంచి పిండాడు. మళ్ళీ ముంచాడు.

"నాను రాసిత్తే నా సంతకాలేటవుతాయి బావా? అనకాపల్లిలో కూకుని ఇక్కడ క్లాసు సెప్పినట్టు పెట్టుకున్నానని నా సేత్తో నానే రాసియ్యాల. నాలుగు నెల్లలో రిటైరవుతన్నాను. పెన్షన్ కాయితాలు ఆపేత్తారు."

ఆయన తప్పు ఆయనకు తెలుసు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను లేచి వచ్చేయాల్సింది. లేవలేదు.

"మరి నేనేం చెయ్యను?"

"నీ శుక్రోరం గడులు కాళీగా ఉన్నాయి కదా. సంతకాలెట్టెయ్. సెప్పిన పాఠాలే కదా, రోజే తేడా."

"ఆ గంట నేను మసీదులో ఉన్నాను. క్లాసులో ఉన్నానని ఎలా రాయను?"

"నీ దేవుడు అంత సన్నగా సూత్తాడేటి?"

"చూస్తాడు."

"అలాగైతే శనోరం పొద్దున్న నువ్వు సెప్పిన పాఠం కూడా సూసే ఉంటాడు. మరింకేటి భయం?"

ఆ మాట ఆయన నన్ను ఓదార్చడానికి అన్నాడు. గాజువాక బస్సులో కూర్చుని నేను దాన్నే పట్టుకున్నాను. అల్లాహ్ చూశాడు. చెప్పిన పాఠమే. రోజే తేడా. వన్‌టౌన్ చేరేసరికి అది నాకు నా ఆలోచనలాగే వినిపించడం మొదలైంది.

రిజిస్టర్లు పరిశీలనకు పంపడానికి ముందు గుమస్తా వాటన్నిటినీ బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఆ రోజు శుక్రవారమే. మిగతావాళ్ళంతా సెమినార్ హాల్లో ఉన్నారు.

"నాను టీకెల్లొత్తాను మాస్టారూ. నీలం పెన్నే వాడండి. సెలవులకి ఎర్రగీత కొట్టే ఉంచాను, అవి మాత్రం ముట్టుకోకండి."

తొమ్మిదేళ్ళ కిందట నన్ను చూసి నవ్వినవాడు ఇప్పుడు నా ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. నాకు సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

మొదటి సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. రెండోది త్వరగానే అయింది. పదోదానికి చెయ్యి అలవాటు పడింది. పేజీలో మిగతావాళ్ళ సంతకాలు చూడలేకపోయాను. ఒక తెల్లకాగితం అడ్డం పెట్టుకుని నా గడి ఒక్కటే కనిపించేలా చేసుకున్నాను. శుక్రవారం తేదీ చూడడం, ఎర్రగీత ఉందా లేదా చూడడం, కాగితం జరపడం, సంతకం. నమాజు వేళకు ముందే అయిపోతుంది అనుకున్నాను. అవలేదు. జేబులో ఫోన్ అజాన్ మోగించింది. అప్పటికి ఇంకా రెండేళ్ళ రిజిస్టర్లు ఉన్నాయి. ఫోన్ నోరు నొక్కాను. ఇంకొంచెం, ప్రసంగం సగంలోనైనా అందుకుంటాను అనుకున్నాను. తర్వాత, చివరి వరసలోనైనా నిలబడతాను అనుకున్నాను. చివరి గడి పూర్తిచేసి తలెత్తేసరికి గోడగడియారంలో రెండు కావస్తోంది.

తొమ్మిదేళ్ళు మసీదులో ఉన్న శుక్రవారాలన్నిటినీ, లేనని రాశాను. అలా రాయడం కోసం ఆ ఒక్క శుక్రవారం నిజంగానే వెళ్ళలేదు.

ఇంటికి వెళ్తే నా భార్య నా చెయ్యి పట్టుకుని చూసింది. వేళ్ళకు నీలం అంటుకుని ఉంది. "జుమాకు వెళ్ళలేదా?" అంది. నమాజు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వుజూ చేస్తే ఆ సిరా అప్పటికే కొంత వదిలి ఉండేదని ఆమెకు తెలుసు. పని ఉందన్నాను. ఆమె వెళ్ళి సబ్బు తెచ్చి ఇచ్చింది.

రెండు వారాల తర్వాత పరిశీలనకు పిలిచారు. వేరే ఊరి నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ మేడమ్ బల్లకు అవతల కూర్చున్నారు. నెరిసిన జుట్టు, చాలా మర్యాద గల మనిషి. నన్ను కూర్చోమన్నారు, మంచినీళ్ళు తాగమన్నారు. ఒక పేజీ దగ్గర కాగితం ముక్క పెట్టి ఉంచారు.

"ఏమండీ, ఈ శుక్రవారం డిపార్ట్‌మెంట్ మొత్తంలో ఒక్క సంతకమే ఉంది. మీది. ఆ రోజు మీరొక్కరే వచ్చారా?"

చూశాను. పేజీ అంతా తెల్లగా ఉంది. మధ్యలో నా సంతకం. దాని ముందు పేజీ గురువారానిది. దాని మీద ఎర్రగీత ఉంది, ఆ ఎర్రగీత మీదే అందరూ సంతకాలు పెట్టి ఉన్నారు.

"ఈ రోజు రంజాన్ పండగ కదండీ?" అన్నారు మేడమ్. అడగడంలో ఎగతాళి లేదు. "ఆ ఏడు నెలవంక కనిపించక సెలవు ఒకరోజు వెనక్కి జరిపారు. మా పక్కింటివాళ్ళు సేమ్యా పాయసం గురువారం బదులు శుక్రవారం పంపారు, అందుకే నాకు గుర్తు."

క్యాలెండర్ చూసి గుమస్తా ముందుగానే గురువారానికి ఎర్రగీత కొట్టేశాడు. నెలవంక రాలేదు. గీత జరగలేదు. అతనికి గుర్తుండాల్సిన పని లేదు. నాకు ఉండాలి. ఆ బుధవారం సాయంత్రం మసీదు మేడ మీద నిలబడి రేవు క్రేన్ల పైన మబ్బులో నెలవంక కోసం వెతికినవాళ్ళలో నేనూ ఉన్నాను. కనిపించలేదని కిందకు అరిచి చెప్పింది నేనే. శుక్రవారం కొత్త బట్టలు కట్టుకుని పండగ నమాజు చదివాను. మధ్యాహ్నం సీనియర్ మా ఇంటికి వచ్చి భోజనం చేశాడు. ఆ రోజు నాలుగో పీరియడ్‌లో నేను పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినట్టు నా చెయ్యి రాసింది.

"పొరపాటండీ" అన్నాను.

"ఈ ఒక్కటేనా?"

అప్పుడైనా నిజం చెప్పవచ్చు. శనివారాల సంగతి చెప్పవచ్చు. చెబితే సీనియర్ పెన్షన్ పోతుంది. ఆయన కోసమే ఊరుకున్నానని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కానీ ఆ క్షణంలో నాకు ఆయన గుర్తు రాలేదు. నా భయమే నాకు గుర్తుంది, అంతే. మేడమ్ రిజిస్టరు నెమ్మదిగా మూసి, "వెళ్ళిరండి" అన్నారు.

పోస్టు ఇంకెవరికో వచ్చింది. తర్వాతి సెమిస్టర్‌కు నాకు ఉత్తరం రాలేదు. గుమస్తాకు మెమో ఇచ్చి పరీక్షల విభాగానికి పంపేశారు. ఒకరోజు జగదాంబ జంక్షన్‌లో ఎదురుపడ్డాడు. తిడతాడనుకున్నాను. నన్ను ఆపి, "మాస్టారూ, మీ పండగ మీకే గుర్తులేకపోయిందేటండీ?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నాన్న కొట్లో కూర్చుంటున్నాను. మిషన్ మీద టార్పాలిన్ అంచులు మడిచి కుడతాను. కుట్టు వంకరగా వస్తోందని నాన్న కాలం నాటి పనివాడు విప్పి మళ్ళీ కుడుతున్నాడు.

జూలైలో యారాడ అమ్మాయి కొట్టుకు వచ్చింది. సెట్ పాసై, పీహెచ్‌డీ సగం పూర్తిచేసింది. చేతిలో కవరు.

"సార్, గెస్ట్ లెటరొచ్చింది. ముందు మీకే సూపించమన్నారు కదా."

తీసుకుని చదివాను. పదహారు గంటలు. నా పదహారు గంటలే. టైంటేబుల్లో శుక్రవారం నాలుగో పీరియడ్ కూడా ఉంది.

ఆమె నిలబడే ఉంది. "ఇవి మీ పీరియడ్లంట కదా సార్. నాకు తెలీదు, ఆఫీసులో ఇప్పుడే సెప్పారు. మీరొద్దంటే నాను మానేత్తాను. ఒట్టు సార్, ఏటీ అనుకోను."

"తీసుకో అమ్మా" అన్నాను. "మానెయ్యడానికేనా ఇన్నాళ్ళు కొండ దిగి వచ్చావు?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఎప్పటిలాగే అడిగింది. "పర్మనెంట్ అవ్వాలంటే ఇంకేటి సెయ్యాలి సార్?"

చెప్పాల్సింది ఒక్కటే మాట. చెప్పిన గంటకు మాత్రమే సంతకం పెట్టు. గురువుగారు వసారాలో నాకు చెప్పిన మాట అదే. అది నా నోట్లో తిరిగింది, బయటికి రాలేదు. ఆ మాట చెప్పే అర్హత నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను. నీళ్ళు తాగి వెళ్ళమన్నాను. ఆమె వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళు అడిగినవాళ్ళందరికీ జవాబు చెప్పాను, సరిగ్గా అవసరమైన రోజున ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు శుక్రవారం నన్ను ఆపేది ఏదీ లేదు. అందరికంటే ముందు వెళ్ళి మొదటి వరసలో కూర్చుంటాను. నమాజు చివర కుడి భుజం వైపు తల తిప్పి సలాం చెబుతాం, ఎడమ భుజం వైపు తిప్పి చెబుతాం. మనిషి చేసేదంతా రాసే దూతలు ఆ రెండు వైపులా ఉంటారని చిన్నప్పుడే నేర్చుకున్నాను. వాళ్ళ రిజిస్టరులో ఆ శుక్రవారాలన్నీ నేను ఉన్నట్టే రాసి ఉంటుంది. యూనివర్సిటీ బీరువాలో లేనట్టు ఉంది, నా చేతిరాతతో. రేపు అల్లాహ్ ముందు నిలబడినప్పుడు నా చెయ్యి లేచి ఏది నిజమంటుందో అని భయపడుతూ కూర్చుంటాను. దుఆ అడగడానికి, దేవుణ్ణి వేడుకోవడానికి చేతులు చాపితే మాట రాదు. చుట్టూ అందరూ ఆమీన్ అంటారు. నేను మాత్రం దేనికి అనాలో తెలియక ఊరుకుంటాను.

ఇంతదాకా చదివినవాళ్ళను ఒక్కటే అడుగుతున్నాను. మీరు ఏ ధర్మంవారైనా, మీ చేతులు ఒక్క క్షణం నాతోపాటు చాపి నా కోసం ఇలా వేడుకోండి. ప్రభూ, ఇతను ఆ గంటల్లో నీ ముందు నిలబడ్డాడు, ఆ తర్వాత నిలబడలేదని రాశాడు. నువ్వు చూసినదాన్నే ఉంచు, ఇతను రాసినదాన్ని చెరిపెయ్యి. ఆ అమ్మాయికి ఇతను చెప్పలేకపోయిన మాటను నువ్వే ఆమె మనసులో వెయ్యి. ఇంతే. నాకు రాని ఆమీన్ మీరు అనండి.